రుజువుగారి పరామర్శ

మా మేనమామ ఎవరి చావునూ నమ్మడు. ఇందులో వేదాంతం ఏమీ లేదు. ఆత్మకు చావు లేదనీ, ఇదంతా మాయ అనీ ఆయన ఎప్పుడూ అనలేదు. ఆయన అడిగేదల్లా ఒక్కటే: మరణ ధ్రువీకరణ పత్రం ఏదీ? సంతకం, ముద్ర, నమోదు సంఖ్య ఉన్న ఆ కాగితాన్ని తన కళ్ళతో చూసేదాకా ఆయన లెక్కలో పోయినవాళ్ళెవరూ పోనట్టే. ఎదురుగా దండలు వేసి పడుకోబెట్టినా సరే, "పడుకున్నారు" అనే అంటాడు.

బీమా ఆఫీసులో, క్లెయిములు చూసే బల్ల దగ్గర ఉద్యోగమంతా గడిపిన మనిషి. జనం ఏడుస్తూ వచ్చేవారు. ఈయన "కాగితం?" అని చెయ్యి చాచేవాడు. రిటైరయ్యాక బల్ల ఆఫీసులోనే ఉండిపోయింది గానీ, ఆ చాచిన చెయ్యి మాత్రం ఇంటికి వచ్చేసింది. ఊళ్ళో అందరూ ఆయన్ని రుజువుగారంటారు. చాటుగా కాదు, మొహం మీదే అంటారు. ఆయన దాన్ని బిరుదు అనుకుంటాడు.

నేను కాలేజీ సగంలో వదిలేసి మామయ్య ఇంట్లో తేలాను. నాకు బండి ఉంది, పని లేదు. ఆయనకు పని ఉంది, బండి లేదు. అలా కుదిరింది మా జోడీ.

పొద్దున్నే పత్రిక రాగానే ఆయన తెరిచేది మరణవార్తల పేజీ. చెవి మీదనుంచి ఎర్ర పెన్సిలు తీసి, పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దుతాడు.

"ఏమేవ్, విన్నావా? స్వల్ప అస్వస్థతతో కన్నుమూశారట. స్వల్పంగా ఒంట్లో బాగాలేకపోతే ఎవరైనా కన్నుమూస్తారా? జలుబు చేస్తే పోతారా?"

"పోయారని వాళ్ళింటివాళ్ళే వేయించుకున్నారుగా. మధ్యలో మీకేం నొప్పి?" అంటుంది అత్తయ్య వంటింట్లోంచి.

"వేయించింది ఎవరు? కొడుకులు. కొడుకులు చెబితే నమ్మేయడమేనా? నా సర్వీసులో ఎంతమంది కొడుకుల్ని చూడలేదు!"

"ఫోటో కూడా వేశారు కదండీ."

"ఫోటోలో నవ్వుతున్నాడే!"

పక్కవీధి డాక్టరుగారి నాన్నగారు కాలం చేసి చాన్నాళ్ళయింది. ఆ డాక్టరుగారు ఒకసారి మా వరండాలో టీ తాగుతూ, "మా నాన్నగారు ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఒక పద్ధతి ఉండేదండీ" అన్నారు.

"ఉన్నన్నాళ్ళూ ఏమిటి? ఉన్నారుగా. మీరింకా నమోదు చేయించలేదు" అన్నాడు మామయ్య.

డాక్టరుగారికి టీ పొలమారింది. "నేను డాక్టర్నండీ. దగ్గరుండి నాడి చూసింది నేనే."

"మీరు చూస్తే నాడి ఆగుతుంది. అంతవరకే మీ పరిధి. ఓటర్ల జాబితాలో ఆయన దివ్యంగా ఉన్నారు. రేపు పొద్దున వెళ్ళి ఓటేసి వస్తే మీరేం చేస్తారు?"

డాక్టరుగారు మర్నాడు ఆస్పత్రి మూసుకుని మునిసిపల్ ఆఫీసుకు పరిగెత్తారు. కాగితం తెచ్చి చూపించాక, మామయ్య దాన్ని వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు తీసి, "అయ్యో, పోయారా!" అన్నాడు. డాక్టరుగారే ఈయన్ని ఓదార్చాల్సి వచ్చింది.

ఎవరింట్లోనైనా చావు జరిగిందని తెలిస్తే మొదటి రోజే వెళ్తాడు. అది పరామర్శకు కాదు. గేటు దగ్గర నిలబడి, ఎక్కడ నమోదు చేయించాలో, గడువు ఎప్పటిదాకానో చెప్పి వచ్చేయడానికి. సోడా దుకాణం ఆయన తల్లి పోయినప్పుడు ఎవరో పెద్దమనిషి మర్యాదగా పిలిచాడు.

"లోపలికి రండి రుజువుగారూ. ఆఖరి చూపు చూసుకుందురుగాని."

"ఆఖరిదని ఎవరు తేల్చారు?" అన్నాడు మామయ్య.

లోపల ఏడుపు టక్కున ఆగింది. ఇద్దరు కుర్రాళ్ళు చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ మావైపు వచ్చారు. ఆ రోజునుంచి ఏ చావింటి ముందు నిలబడినా నేను బండి ఇంజను ఆపడం మానేశాను.

ఇక పరామర్శ సంగతి. కాగితం చూడనిదే ఆయన పరామర్శించడు. కాగితమేమో ఎప్పటికో వస్తుంది. కాబట్టి అందరూ కళ్ళు తుడుచుకుని, మళ్ళీ టీవీ పెట్టుకుని, క్రికెట్ చూస్తూ కేకలు వేస్తున్న వేళకు మా మామయ్య ముఖం వేలాడేసుకుని గుమ్మంలో ప్రత్యక్షమవుతాడు.

"మీ నాన్నగారు పోయారని తెలిసి చాలా బాధపడ్డానయ్యా."

"ఇప్పుడు తెలిసిందా! మొదటి రోజు మీరు గేటు దగ్గరే ఉన్నారు కదండీ?"

"అప్పుడు విన్నాను. ఇప్పుడు తెలిసింది."

ఒక ఇంట్లో అల్లుడు చురుకైనవాడు. వారం తిరక్కుండా కాగితం తెచ్చేశాడు. పరిగెత్తుకుంటూ వచ్చి మామయ్యకు చూపించాడు. మామయ్య చాలాసేపు చూసి, "ముద్ర కాస్త వంకరగా పడింది. ఇంకా ఖాయం అనలేం" అన్నాడు. ఆ అల్లుడు అన్న మాట ఇక్కడ రాయకూడదు.

పరామర్శ అంటే నాకు తెలిసి రెండు మాటలు, ఒక నిట్టూర్పు. ఈయన లోపలికి వెళ్తే సినిమా చూసి వచ్చినంతసేపు. నేను బయట బండి మీద కూర్చుని ఫోను చూస్తాను. ఫోనులో చార్జింగు అయిపోతుంది. ఈయన రాడు.

"ఇంతసేపు ఏం చేస్తారు మామయ్యా లోపల?"

"కాగితం సరిగ్గా ఉందో లేదో చూడొద్దూ?"

ఒక కాగితాన్ని అంతసేపు చూడ్డానికి అందులో ఏముంటుందో నాకు అర్థమయ్యేది కాదు.

మా మార్కెట్లో ఒక గది ఉండేది. ముందువైపు మొగుడు సైన్‌బోర్డులు రాసేవాడు, వెనకవైపు పెళ్ళాం బట్టలు కుట్టేది. ఆ బోర్డులాయన ఎక్కడో పొరుగూరిలో గోడల మీద అక్షరాలు రాసే పని దొరికి వెళ్ళాడు. అక్కడ గుండె పట్టేసింది. ఆస్పత్రిలోనే పోయాడు. ఆవిడ వెళ్ళి తెచ్చుకుని, ఇక్కడే సాగనంపింది. మామయ్య ఆ రోజు కూడా గేటు దగ్గర నిలబడి తన పాఠం అప్పజెప్పి వచ్చాడు. ఆవిడ ఆ రోజు ఏమీ అనలేదు.

అనడానికి తర్వాత ఒక పొద్దున మా ఇంటికే వచ్చింది.

"రుజువుగారూ, ఒకసారి బయటికి రండి."

మామయ్య ఎర్ర పెన్సిలుతో సహా వచ్చాడు.

"మా ఆయన పోయాడంటే మీరు నమ్మలేదు. సరే, ఈయన పిచ్చి ఈయనది అనుకున్నాను. ఇప్పుడు ఆయన పోయిన ఊరి ఆఫీసువాళ్ళు కూడా నమ్మట్లేదు. ఆ పేరుతో ఇక్కడ ఎవరూ చనిపోలేదని రాసి పంపారు. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే. మార్కెట్ సూపర్వైజరేమో, గది ఆయన పేరున ఉంది, నెలాఖరులోపు కాగితం తెస్తే నీ పేరుకి మారుస్తా, లేకపోతే తాళం వేసి వేరేవాళ్ళకి ఇచ్చేస్తానంటున్నాడు. ఆ గది పోతే నా మిషను ఎక్కడ పెట్టుకోను? నా చేతులతో సాగనంపాను. ఇంకేం చూపించమంటారు మీరంతా?"

"ఆస్పత్రి చీటీ ఉందా?"

"ఆ గందరగోళంలో ఎక్కడ పోయిందో."

"ఆస్పత్రిలో ఎవరు చేర్పించారు?"

"ఎవరో స్నేహితులట. నేను వెళ్ళేసరికి అక్కడ ఎవరూ లేరు."

మామయ్య మొహం వెలిగిపోయింది. అంత వెలగాల్సిన సందర్భం కాదని నేను కళ్ళతో సైగ చేశాను.

"ఏంటి, నవ్వుతున్నారా?" అంది ఆవిడ.

"నవ్వట్లేదమ్మా. మనిషి పోతే ఎక్కడో ఒకచోట ఎవడో ఒకడు రాసుకోవాల్సిందే. రాయకుండా ఉండరు. ఎక్కడ రాశారో చూడాలి, అంతే. కాగితం ఉంది. తెస్తాను. నువ్వు గది తాళాలు ఎవరికీ ఇవ్వకు."

"మీరు నమ్మని చావుకు మీరే కాగితం తెస్తారా?" అంది అత్తయ్య.

"నమ్మాలి కదటే మరి!"

వెంటనే బయల్దేరాం. ఆ ఊరు చేరేదాకా వెనక సీటు మీద కూర్చుని పాఠం చెబుతూనే ఉన్నాడు.

"ఆఫీసులో పేరు చెప్పి వెతికితే దొరకలేదు. కాబట్టి మనం పేరు వెతకం. మనుషుల్ని వెతుకుతాం. స్నేహితులున్న మనిషి పోతే వాళ్ళు ఊరుకోరురా. నలుగురూ కలిసి పత్రికలో ఒక చిన్న ప్రకటన వేయిస్తారు. పెద్ద పత్రికలో కాదు. ఆ ఊరి సాయంకాలం పత్రికలో."

"మీరు పత్రికల్ని నమ్మరుగా?"

"నమ్మను. వాడుకుంటాను."

ఆ సాయంకాలం పత్రిక ఆఫీసు సైకిలు షాపు మీద ఒక గది. సంపాదకుడు, విలేఖరి, ప్రకటనలు రాసుకునేవాడు, తలుపు తీసేవాడు, అన్నీ ఒక్కడే. మమ్మల్ని కూర్చోమని గుడ్డ కప్పిన రెండు దిమ్మలు చూపించాడు.

"పాత సంచికలు కావాలండీ. ఈ ఏడువి" అన్నాడు మామయ్య.

"అయితే మీరు కూర్చోండి, మీ అబ్బాయి లేవాలి. మీరు కూర్చున్నది పోయినేడు. ఈ ఏడు మీ అబ్బాయి కింద ఉంది."

నేను లేచి గుడ్డ తీశాను. బోర్డులాయన భార్య చెప్పిన తేదీనుంచి ఒక్కొక్క సంచికా తిరగేస్తూ పోయాం. మామయ్య ఊళ్ళో పోయినవాళ్ళందర్నీ పలకరిస్తున్నట్టు చదువుతున్నాడు. "ఈయనా? ఊహూఁ. ఈవిడా? అబ్బే. ఇదిగో ఇతన్ని చూడు, వృత్తి రాయలేదు, వయసు రాయలేదు, అశేష ప్రజానీకాన్ని మాత్రం శోకసముద్రంలో ముంచాడట." సంపాదకుడు చిన్నబుచ్చుకున్నాడు. ఆ వాక్యం ఆయనదే.

తర్వాత ఒక పేజీ దగ్గర మామయ్య వేలు ఆగింది. నేను తొంగి చూశాను.

ప్రకటనలో మనిషి ఫోటో లేదు. ఒక సైన్‌బోర్డు ఫోటో ఉంది. నీడలు తేలిన పెద్ద పెద్ద అక్షరాలతో, "ఇచ్చట పంక్చర్లు వేయబడును" అని. దాని కింద: "మా బోర్డుల అన్నకు కన్నీటి వీడ్కోలు. నువ్వు రాసిన అక్షరాలు మా బళ్ళ మీద ఊళ్ళు తిరుగుతూనే ఉంటాయి. లారీ స్టాండు మిత్రులు."

"వాళ్ళ దగ్గర ఆయన ఫోటో లేదండీ" అన్నాడు సంపాదకుడు. "ఆయన రాసిన బోర్డుంది, అదే వేయండి అన్నారు. వేశాను. మర్నాడంతా ఫోన్లు, ఆ పంక్చర్ షాపు ఎక్కడుందీ అని."

మామయ్య చెవి మీది పెన్సిలు తీశాడు. చాలాసేపు పట్టుకుని, మళ్ళీ చెవి మీదే పెట్టేశాడు.

"తప్పుల్లేవా మామయ్యా?"

"ఉన్నాయి. తేదీ లేదు, ఆస్పత్రి పేరు లేదు." కాసేపాగి, "బాగా రాశారు" అన్నాడు. మరణవార్త బాగుందని ఆయన అనగా వినడం నాకదే మొదలు.

అక్కణ్ణుంచి జనన మరణాల నమోదు ఆఫీసుకు వెళ్ళాం. కిటికీ వెనక ఒక గుమాస్తా మేడం ఫ్లాస్కులోంచి టీ ఒంపుకుంటున్నారు. మామయ్య పేరు చెప్పలేదు. తేదీ, ఆస్పత్రి చెప్పి, "ఆ రోజు లారీ స్టాండు చిరునామాతో ఎవరైనా చనిపోయారేమో చూడమ్మా" అన్నాడు.

ఆవిడ కంప్యూటర్లో చూశారు. "ఉన్నారు, ఒకాయన. లారీ డ్రైవరు. మీరు అడిగే బోర్డులాయన కాదు."

"ఆ సంగతి తెలియజేసినవారు ఎవరని ఉంది?"

ఆవిడ చదివిన పేరు మా బోర్డులాయనది.



"అంటే మేడం, పోయినాయన ఇక్కడికొచ్చి, ఇంకొకాయన పోయాడని చెప్పి వెళ్ళాడా?" అన్నాను నేను.

"నాకేం తెలుసు బాబూ, ఆ రోజు నేను సెలవు."

ఆ నకలు తీసుకుని బయటికి వచ్చాం. మామయ్య దాన్ని వెలుగులో పెట్టి చూశాడు. సంతకం ఉంది. ముద్ర ఉంది, ఎక్కడా వంకర లేదు. కళ్ళజోడు తీశాడు.

"పాపం, ఆ డ్రైవరు" అన్నాడు.

"మామయ్యా, ఆయన పోయి ఉండడు. ఎవరో అటూ ఇటూ చేసి రాశారు."

"ముద్ర ఉందిరా. పద, వాళ్ళవాళ్ళెవరైనా ఉంటే రెండు మాటలు చెప్పి వద్దాం."

లారీ స్టాండులో వరసగా లారీలు. ప్రతి లారీ వెనకా నీడలు తేలిన అక్షరాలే. ఒక లారీ దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. మామయ్య గొంతు తగ్గించి, నకల్లో ఉన్న పేరు చెప్పి, "ఇక్కడ ఉండేవారట, పాపం. ఆయన తాలూకు మనుషులెవరైనా..." అని మొదలుపెట్టాడు.

"నేనేనండీ" అని లారీ కిందనుంచి వినిపించింది. ముందు గ్రీజు పూసుకున్న రెండు చేతులు, తర్వాత మనిషి బయటికి జారుకొచ్చాడు. "ఏం కావాలి పెద్దాయనా?"

మామయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. నకలు చూశాడు, మనిషిని చూశాడు. మళ్ళీ నకలు చూశాడు.

"మీరు చనిపోయారు" అన్నాడు.

"ఎప్పుడండీ?"

మామయ్య తేదీ చెప్పాడు. డ్రైవరు నకలు లాక్కుని చదివి, పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు. నలుగురూ చుట్టూ మూగారు.

"అన్నా, అందుకేనా నీకు ఎవరూ పిల్లనివ్వట్లేదు?"

"పోయినోడివి పోయినట్టు ఉండక గేరుబాక్సు ఎందుకు విప్పావ్ రా, ఇప్పుడెవడు బిగిస్తాడు?"

"ఆగండెహె" అన్నాడు డ్రైవరు. నకల్లో రెండో పేరు మీద వేలు పెట్టాడు. గ్రీజు ముద్ర పడింది. "ఇది మా బోర్డుల అన్న పేరు. అన్నని ఆస్పత్రికి తీసుకెళ్ళింది నేనే."

"ఏం జరిగిందో వరసగా చెప్పు నాయనా" అన్నాడు మామయ్య, అతను చనిపోయిన సంగతి ప్రస్తుతానికి పక్కనపెట్టి.

"లారీలోనే పడుకోబెట్టి తీసుకెళ్ళానండీ. లోపలిదాకా మోసుకెళ్ళాను. లారీయేమో గేటుకి అడ్డంగా ఉంది. వెనక ఒకటే హారన్లు. ఇంతలో పోయాడని చెప్పారు. నా బుర్ర పనిచెయ్యలేదు. కిటికీ దగ్గరాయన వివరాలు చెప్పవయ్యా అన్నాడు. చెప్పాను. సంతకం పెట్టమంటే పెట్టాను."

"ఏ వరసలో చెప్పావు?"

"రోజూ చెక్‌పోస్టులో చెప్పే వరసేనండీ. ముందు డ్రైవరు పేరు, చిరునామా. తర్వాత..." అని ఆగిపోయాడు. చేతులకున్న గ్రీజు వైపు చూసుకున్నాడు. "తర్వాత బండిలో ఏముందో చెబుతాం."

వేళాకోళం చేసినవాళ్ళలో ఒకడు భుజం మీది తువ్వాలు తీసి అతనికి అందించాడు.

"అన్న వాళ్ళావిడకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియక, ఆవిడ వచ్చే టైముకి లారీ ఎక్కి వెళ్ళిపోయానండీ. ఆవిడకేమైనా ఇబ్బందా?"

"గది పోయేట్టుంది" అన్నాను నేను.

డ్రైవరు లేచి చేతులు తుడుచుకున్నాడు. "పదండి. ఎక్కడ సంతకం పెట్టాలి?"

లారీ గేరుబాక్సు నేల మీద ఉంది కాబట్టి నా బండి మీదే బయల్దేరాం. ముందు నేను, మధ్యలో చనిపోయినాయన, వెనక రుజువుగారు.

గుమాస్తా మేడం అంతా శ్రద్ధగా విన్నారు. "సవరించొచ్చండీ. సమాచారం ఇచ్చినవారు వచ్చి సంతకం పెట్టాలి, అంతే" అన్నారు.

"ఇచ్చింది ఈయనే."

"ఈయన పోయినట్టుందిగా? పోయినవాళ్ళ సంతకం చెల్లదు. ఇదిగో, ఇక్కడ సమాచారం ఇచ్చినవారని ఉంది చూడండి, ఆయన్ని తీసుకురండి."

"ఆయన నిజంగా పోయారమ్మా."

"రుజువేదండీ?" అన్నారు ఆవిడ.

నేను మామయ్య వైపు చూశాను. ఉద్యోగమంతా ఆయన ఎదుటివాళ్ళ మీద వేసిన ప్రశ్న అది. తిరిగి ఆయన మీదికే రావడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. తన జాతి మనిషి దొరికిందని మురిసిపోతాడనుకున్నాను. మామయ్య ఎర్రబడ్డాడు. కిటికీ మీద చెయ్యి వేసి గట్టిగా కొట్టాడు.

"రుజువా? ఎదురుగా మనిషి నిలబడి చెమటలు కారుస్తుంటే కాగితంలోకి చూస్తావేమమ్మా? ఆయన్ని చూడు! ఆ చేతులు చూడు! ఈ కాగితం తప్పు. ముద్ర ఉన్నా తప్పే. అక్కడొక ఆడమనిషి నా మొగుడు పోయాడు మహాప్రభో అంటోంది. ఆవిడ మాట చాలదా? ఆవిడకన్నా నీకూ నాకూ ఎక్కువ తెలుసా?"

ఆఫీసంతా ఇటు తిరిగింది. అందరికన్నా ఎక్కువ అదిరిపోయింది మామయ్యే. తన నోట్లోంచి వచ్చిన మాటల్ని వెనక్కి తీసుకోవచ్చా అన్నట్టు చుట్టూ చూశాడు.

"ఇంకోసారి అనండి మామయ్యా. అత్తయ్యకి వినిపించాలి."

"నోర్ముయ్ రా."

లోపలి గదిలోంచి అధికారి వచ్చారు. పొడుగాటి ఆయన, తొందర లేని మనిషి. కథంతా మళ్ళీ మొదటినుంచి చెప్పించుకున్నారు. లారీ గేటుకు అడ్డంగా ఉన్నచోట ఒకసారి నవ్వారు, చెక్‌పోస్టు దగ్గర నవ్వడం మానేశారు. ఆస్పత్రిలో చేర్చుకున్నప్పటి రికార్డు తనే తెప్పిస్తానన్నారు. డ్రైవరు లైసెన్సు చూసి, తాను జీవించి ఉన్నట్టు ఒక వాంగ్మూలం రాసిమ్మన్నారు. బోర్డులాయన భార్యను రేపు తీసుకొస్తే మిగతాది అయిపోతుందన్నారు.

వాంగ్మూలం మామయ్యే రాశాడు. డ్రైవరు దాన్ని రెండుసార్లు చదువుకుని, "దీనికో నకలు ఇప్పించండి సార్, మా వాళ్ళకి చూపించాలి, లేకపోతే బతకనివ్వరు" అన్నాడు.

మర్నాడు ఆవిడ వచ్చింది. డ్రైవరు ఆవిణ్ణి చూసి గోడవైపు తిరిగాడు. ఆవిడే దగ్గరికి వెళ్ళింది.

"హారన్లు కొడుతుంటే కూడా ఆయన్ని లోపలిదాకా మోసుకెళ్ళావటగా."

"ఆఁ, వదినా."

"మరి దాక్కుంటావేం?"

నెలాఖరుకు ముందే సరైన కాగితం చేతికొచ్చింది. మార్కెట్ సూపర్వైజరు దాన్ని ముందు చూశాడు, వెనక చూశాడు, మామయ్య మొహం చూశాడు. గది ఆవిడ పేరుకు మారింది.

ఇక అయిపోయిందనుకున్నాను. మామయ్య ఆ మధ్యాహ్నం ఉతికిన చొక్కా వేసుకుని, "బండి తియ్యి. పరామర్శకు వెళ్ళాలి" అన్నాడు.

"ఎవరింటికి?"

"బోర్డులాయన పోయారు కదరా."

ఆవిడ ఇంటి ముందు అలవాటుగా ఇంజను ఆపకుండా కూర్చున్నాను. ఆవిడ గుమ్మంలోంచి, "నువ్వెందుకు బాబూ ఎండలో? లోపలికి రా" అంది. మామయ్య పరామర్శ లోపలినుంచి చూడ్డం నాకదే మొదటిసారి.

ఇల్లంతా అక్షరాలు. డబ్బాల మీద "పంచదార" అనీ "ఉప్పు" అనీ, బంగారు అంచుతో, కింద నీడతో. వంటింటి తలుపు మీద రోడ్డుమీది హెచ్చరిక బోర్డంత పెద్దగా "లోపలికి తోయుము" అని ఉంది.

మామయ్య కుర్చీ అంచున కూర్చుని, ముఖం వేలాడేసి, "మీ ఆయన పోయారని తెలిసిందమ్మా. చాలా బాధగా ఉంది" అన్నాడు. ఆ కాగితం తెచ్చినాయనే ఆయన! నేను నవ్వు ఆపుకోవడానికి ఉప్పు డబ్బా వైపు చూశాను.

"ఇప్పటికైనా నమ్మారా?" అంది ఆవిడ.

"నమ్మాను. ఇప్పుడు చెప్పమ్మా. ఎలాంటి మనిషి ఆయన?"

ఆవిడ పీట లాక్కుని కూర్చుంది.

"మొదట్లో ఇంటినిండా జనమేనండీ. ఏడవకు, ఏడవకు అన్నారు. ఎవరేమన్నారో ఒక్క ముక్కా గుర్తులేదు. తర్వాత ఎవరూ రాలేదు. దారిలో కనబడితే ఎండల గురించి మాట్లాడి తప్పుకుంటారు. ఆయన ఊసెత్తితే నేనేమైపోతానో అని వాళ్ళ భయం. ఎత్తకపోతే ఏమైపోతానో ఎవరికీ తెలీదు."

"నాకు తొందరేం లేదు" అన్నాడు మామయ్య, కుర్చీలో వెనక్కి జరిగి.

ఆవిడ మొదలుపెట్టింది. ఆ తలుపును ఆవిడ ఎప్పుడూ తొయ్యాల్సింది పోయి లాగేదట. చెప్పీ చెప్పీ విసిగి, ఒక రోజు పొద్దున లేచేసరికి ఆ బోర్డు రాసి పెట్టాడట. అప్పటికీ ఆవిడ లాగుతూనే ఉందట. అలిగినప్పుడు మాట్లాడ్డం మానేసి, పలక మీద "భోజనం సిద్ధమా?" అని నీడలతో సహా రాసి చూపించేవాడట. నీడలు దిద్దేసరికి కూర చల్లారిపోయేదట. చెబుతూ చెబుతూ ఆవిడ నవ్వేసింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చెప్పింది. మామయ్య "ఆఁ? తర్వాత?" అంటున్నాడు. కాగితం సంచీలోంచి బయటికే రాలేదు.

నేను ఫోను చూస్తూ బయట కూర్చున్న ఆ సినిమాలంతసేపూ లోపల నడిచింది ఇదన్నమాట. అందరూ వచ్చి వెళ్ళిపోయాక, ఇల్లు బోసిపోయాక, ఈయన వచ్చి కూర్చునేవాడు.

ఆవిడ మంచినీళ్ళకు లేచినప్పుడు మెల్లగా అడిగాను. "మామయ్యా, ఈ కాగితం గోలంతా కావాలనేనా? ఆలస్యంగా రావడానికి ఒక సాకా?"

"సాకేమిటి రా! కాగితం ఇప్పుడేగా వచ్చింది" అని కసిరి, గోడవైపు చూశాడు. గోడ మీద చూడ్డానికి ఏమీ లేదు.

చీకటి పడబోతుంటే లేచాం. గుమ్మం దాకా వచ్చిన ఆవిడ, "ఉండండి రుజువుగారూ" అంది. "ఆ చొక్కా ఎవరు కుట్టారు?"

"ఏమ్మా?"

"ఒక భుజం పైకి, ఒక భుజం కిందికి. ఇంతసేపూ దాన్ని చూస్తూ మీతో మాట్లాడ్డానికి ఎంత అవస్థ పడ్డానో నాకే తెలుసు. చేతులు చాచండి."

మిషను మీదున్న టేపు తీసుకుని వచ్చింది. మామయ్య రెండు చేతులూ చాచి గుమ్మంలో నిలబడ్డాడు. భుజం, ఛాతీ, చెయ్యి పొడుగు చకచకా కొలిచి, టేపు మెడలో వేసుకుంది.

"రాసుకోలేదేమ్మా?" అన్నాడు మామయ్య, చేతులు దించకుండానే.

"అక్కర్లేదండీ."

"అక్కర్లేకపోవడమేమిటి? కొలతలు కదా! ఒక కాగితం మీద..."

"గుర్తుంటాయన్నానుగా. ఆదివారం వచ్చి తీసుకెళ్ళండి."

మామయ్య నోరు తెరిచాడు. నావైపు చూశాడు. నేను కళ్ళార్పకుండా ఆయన్నే చూస్తూ నిలబడ్డాను.

"సరేనమ్మా" అని నోరు మూశాడు.

బండి ఎక్కాక అద్దంలో చూస్తూ అడిగాను. "కాగితం లేకుండా నమ్మేశారేంటి మామయ్యా?"

"ముందు రోడ్డు చూసి నడుపు" అన్నాడు.